ఎద్దు పండ్లూ, మనిషి యేండ్లూ

"వయసు" అనే మాట మన భాషలో బహు చిత్రమైనది. నిఘంటువు తిరగవేస్తే సంస్కృతంలో వయస్సంటే పక్షి అని కూడా ఒక అర్థం కనిపిస్తుంది. చెప్పకుండా ఎగిరిపోయేది గనుక ఆ పేరు దీనికీ సరిపోయిందనుకోవచ్చు. తెలుగువాడు దానిని మరికొంచెం తిప్పి వాడుకున్నాడు. "వాడు వయసులో ఉన్నాడు" అంటే యౌవనంలో ఉన్నాడని. "వాడికి వయసైపోయింది" అంటే ముసలివాడైనాడని. గాదెలో గింజలు అయిపోయినట్లు వయసు కూడా అయిపోతుందన్నమాట! అరవై నిండినవానికి బంధువులందరూ చేరి షష్టిపూర్తి చేసి, అక్షతలు చల్లి, మళ్ళీ పెండ్లికొడుకును చేస్తారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కచ్చేరీలో పూలదండ వేసి, శాలువా కప్పి, ఇక సెలవు పుచ్చుకోవయ్యా అంటారు. ఇంట్లో మొదలైనచోట ఉద్యోగంలో ముగింపు.

దండా శాలువా దక్కినవాడు అదృష్టవంతుడే. ఆ రెండూ లేకుండా, ఒకటో తారీఖు జీతంతోపాటు "రేపటినుంచి రానక్కరలేదు" అనే మాట పుచ్చుకొని ఇంటికి వచ్చేవాళ్ళ సంగతి నేనీవారం చెప్పదలచుకున్నాను.

మా వైపు పెబ్బేరు పశువుల సంత పేరుపడ్డది. అక్కడ ఎద్దును కొనేవాడు ముందుగా దాని నోరు తెరిచి పండ్లు చూస్తాడు. రెండు పండ్లా, నాలుగు పండ్లా అని లెక్క వేసుకుంటాడు. అంతటితో ఊరుకోడు సుమండీ! నాలుగడుగులు నడిపిస్తాడు, మూపురం తట్టి చూస్తాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. మనుషులను పనిలో పెట్టుకునే మన పెద్దమనుషులలో కొందరికి ఆపాటి ఓపిక కూడా లేదు. "వయసు 35 లోపు ఉండవలెను" అని ప్రకటన వేసి, పండ్లు చూడడంతోనే బేరం ముగిస్తారు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. చట్టాలతో నాకేమి పని? కాని ఊళ్ళో తెలుగు పంతులంటే అర్జీలు వ్రాసిపెట్టేవాడని ఒక పేరు ఎప్పటినుంచో ఉంది. వనపర్తిలో నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తండ్రి ఆ పేరు నమ్ముకొని వచ్చాడు. బజారులో ఒక బట్టల దుకాణంలో 22 యేండ్లు గుమాస్తాగా లెక్కలు వ్రాశాడు. వయసు 57. దుకాణంలో కంప్యూటరు పెట్టారు. యజమాని కొడుకు చేతికి పెత్తనం వచ్చింది. "పెద్దాయనా, నీవిక విశ్రాంతి తీసుకో" అన్నారు. చేతిలో ఆ నెల జీతం పెట్టారు.

"సారూ, ఇండ్ల కూసుంటే ఇల్లు గడుస్తదా? బిడ్డ సదువు ఇంకా రెండేండ్లుంది. యాభై ఏడేండ్లకే నేను పనికి రాకుండ పోతినా? దీనికి కాయిద కానూన్ ఏం లేదా?" అని అడిగాడు.

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కోసం వకీలు మిత్రులను విసిగించాను, పుస్తకాలు తిరగవేశాను. తెలిసినదేమిటో పాఠకుల ముందు పెడుతున్నాను. ఇది పనిచేసేవారికెంత అవసరమో, పని ఇచ్చేవారికీ అంతే అవసరం.

మొదటి సంగతి. వయసు చూసి ఉద్యోగంలో వివక్ష చూపరాదని ప్రత్యేకంగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 16వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం అని వరుసగా పేర్కొని, వీటి పేరిట ప్రభుత్వోద్యోగంలో భేదం చూపరాదన్నారు. ఆ జాబితాలో వయసు లేదు. అయితే 14వ అధికరణం అందరికీ సమానత్వం చెబుతుంది గనుక, ప్రభుత్వం పెట్టే వయసు నియమం అర్థంలేనిదైతే న్యాయస్థానం దానిని కొట్టివేయగలదు. 1981లో అలాగే జరిగింది. ఎయిరిండియా విమానాలలో పనిచేసే ఆడపిల్లలు 35 యేండ్లకే దిగిపోవలెనని నియమం ఉండేది. మేనేజింగు డైరెక్టరుకు ఇష్టమైతే 45 దాకా పొడిగించవచ్చు. మొదటిసారి గర్భం ధరిస్తే అంతటితో సరి! నర్గీస్ మీర్జా అనే ఉద్యోగిని కోర్టుకు వెళ్ళింది. సుప్రీంకోర్టు ఆ గర్భం నియమాన్ని కొట్టివేసింది. ఏ కొలతా లేకుండా ఒకరి ఇష్టం మీద పొడిగింపు ఆధారపడడం కూడా చెల్లదన్నది. "నాకు నచ్చినవాడుంటాడు, నచ్చనివాడు పోతాడు" అనేది నియమం కాదని ఆ తీర్పులో మనం నేర్చుకోదగిన పాఠం.

అమెరికాలో ఈ చట్టం 1967లోనే వచ్చింది. 20 మంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలలో, 40 యేండ్లు దాటినవారిని వయసు కారణంగా పనిలో చేర్చుకోకపోవడం, తీసివేయడం, జీతం తగ్గించడం నేరుగా చట్టవిరుద్ధం. మొదట 65 యేండ్లదాకానే ఆ రక్షణ ఉండేది. 1986లో దాదాపు అన్ని ఉద్యోగాలకూ ఆ పైమెట్టు తీసివేశారు. బ్రిటనులో 65కు పంపివేయవచ్చుననే మామూలు 2011లో పోయింది. ఈ సంగతి మన కెందుకంటారా? ఇవాళ మన వనపర్తి, గద్వాల ఇండ్లలోని పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ కంపెనీవారు పనిలోనుంచి తీసివేస్తూ, "కొంత సొమ్ము పుచ్చుకొని, వయసు గురించి దావా వేయనని సంతకం పెట్టు" అంటే, 40 దాటినవారికి ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు గడువివ్వవలె. సంతకం చేసిన తరువాత కూడా 7 రోజులలోపు మనసు మార్చుకోవచ్చు. 1990లో చేసిన సవరణ అది. మీ అబ్బాయికో అల్లుడికో ఫోనులో ఈ ముక్క చెప్పి ఉంచండి.

ఇక మన ఇంటి కథకు వద్దాం. వయసుకూ ఉద్యోగానికీ జరిగిన పెద్ద పోట్లాట మన తెలుగునాటనే జరిగింది. 1983 జనవరిలో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రి అయినారు. నెల తిరగకముందే, ఫిబ్రవరి 8న, ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుండి 55కు తగ్గిస్తూ ఉత్తరువు వెలువడింది. 1979లో 55ను 58 చేశారు, దానిని మళ్ళీ వెనక్కు తిప్పారు. అప్పటికే 55 దాటినవారందరూ ఆ నెలాఖరుకు దిగిపోవలె. ఫిబ్రవరి 28న ఒక్కరోజున 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ సంస్థలలో మరో 10 వేల మంది ఇంటిదారి పట్టారు. మూడేండ్ల జీతం లెక్కవేసుకొని బిడ్డ పెండ్లి కుదుర్చుకున్నవారు, ఇల్లు పునాదిమీద ఉన్నవారు వారిలో ఎంతమందో ఆలోచించండి. ప్రభుత్వం చెప్పిన కారణం కూడా తేలికైనది కాదు. చదువుకున్న యువకులు లక్షలమంది పనిలేక తిరుగుతున్నారు, వారికి చోటు కావలెనన్నది.

ఉద్యోగులు న్యాయస్థానానికెక్కారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి ధర్మాసనం ప్రభుత్వపక్షానే తీర్పు చెప్పింది. విరమణ వయసు ఎంత ఉండవలెననేది విధాన నిర్ణయం, 55 మరీ అన్యాయమైన మెట్టు కాదు అన్నది దాని సారాంశం. అయితే ఆ తీర్పు వచ్చేనాటికే ఇక్కడ గాలి మారింది. 1984 ఆగస్టు 23నుండి వయసు మళ్ళీ 58 అయింది. మరి మధ్యలో పోయినవారి గతి? వారికిది వర్తించదన్నారు. 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ దిగిపోవలసి రావడమే వారు చేసిన పాపం!

వాళ్ళు మళ్ళీ కోర్టుకు వెళ్ళారు. 1985 ఆగస్టులో తీర్పు వ్రాసినది మన తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారు. 55 తప్పని తెలుసుకొని 58కి తిరిగివచ్చినప్పుడు, ఆ తప్పువల్ల నష్టపోయినవారిని మాత్రం గుమ్మం బయట నిలబెట్టడం సమానత్వం కాదన్నారు. ఇంకా 58 నిండనివారిని తిరిగి పనిలోకి తీసుకోవలసి వచ్చింది. ఒకే సంవత్సరంలో రెండు తీర్పులు. వయసు గీత ఎక్కడ గీస్తావన్నది ప్రభుత్వం ఇష్టమన్నది మొదటిది. గీసిన గీత అందరికీ ఒక్కటిగా ఉండవలెనన్నది రెండవది. ఈ రెండు మాటలలో మన దేశపు వయసు న్యాయమంతా ఇమిడి ఉందని నాకనిపిస్తుంది.

ఆ గీత తరువాత కూడా కదులుతూనే వచ్చింది. రాష్ట్రం రెండైన 2014లో ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగులకు 60 చేసింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 58ని 61 చేసింది. మా నడిగడ్డవాసులకు ఇందులో ఒక వినోదముంది. తుంగభద్ర కివతల అలంపురంలో గుమాస్తా 61కి దిగిపోతే, ఏరు దాటిన కర్నూలులో అదే పని చేసే గుమాస్తా 62దాకా కూర్చుంటాడు. ఇవతలి నీళ్ళకంటె అవతలి నీళ్ళలో బలమెక్కువా? ఈ అంకెలు వైద్యుడు చెప్పినవి కావు, ఖజానా చెప్పినవని దీనివల్ల తెలుస్తుంది. మగ్గం మీద గద్వాల చీర నేసే పెద్దాయనకు ఏ గీతా లేదు. కండ్లు, చేతులు ఆడినంతకాలం ఆయన నేస్తూనే ఉంటాడు. అది ఆయన భాగ్యమో, గతిలేకనో ఆయననే అడగవలె.

సరే, ప్రైవేటు యజమానులు తెలుసుకోవలసినదేమిటి? నాగర్‌కర్నూలులో బడి నడిపేవారికీ, గద్వాలలో జిన్నింగు మిల్లు నడిపేవారికీ, వనపర్తిలో దుకాణదారుకూ నేను చెప్పదలచినవి నాలుగు మాటలు.

ఒకటి. విరమణ వయసనేది ముందుగా కాగితంమీద ఉండవలె. మిల్లు పనివాని విషయంలో, ఒప్పందంలో వ్రాసుకున్న వయసు నిండి దిగిపోతే అది విరమణ. ఏమీ వ్రాసుకోకుండా "ముసలివాడివైనావు, పో" అంటే అది చట్టం దృష్టిలో పనినుండి తగ్గించడమే అయ్యే ప్రమాదముంది. అప్పుడు యేడాది పనిచేసిన వానికి నెలరోజుల ముందు నోటీసు, నిండిన ఒక్కొక్క సంవత్సరానికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వవలె. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ ఏర్పాటు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది.

రెండు. మనుషులను తగ్గించవలసి వస్తే మామూలుగా చివర వచ్చినవాడు ముందు పోవలె. ఇది పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందని మన సామెత. కృష్ణలో అది జరుగుతుందేమో గాని కార్మిక చట్టంలో జరగకూడదు. వరుస తప్పించదలచుకుంటే యజమాని కారణం వ్రాసి చూపవలె. "జీతం ఎక్కువ, జుట్టు తెలుపు" అన్నది కారణం కాదు.

మూడు. దుకాణాలకు మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వేరే ఉంది. ఆరునెలలు ఎడతెగక పనిచేసినవానిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో లేకుండా తీసివేయరాదు. యేడాది దాటినవానికి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం చొప్పున సేవా పరిహారం ఇవ్వవలె. మన గుమాస్తా లెక్క ఈ పద్దులోకే వచ్చింది. నెలకు 12 వేలు, 22 యేండ్లు. యేడాదికి 6 వేల చొప్పున సుమారు 1,32,000 రూపాయలు. నోటీసు నెల జీతం 12 వేలు దానికి అదనం. నేను వ్రాసిపెట్టిన అర్జీలో ఈ అంకెలు తప్ప కఠినమైన మాట ఒక్కటీ లేదు. అది కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళకముందే యజమాని ఒక వకీలుకు చూపించుకొని, ఆయనను పిలిపించాడు. సగం అప్పుడే ఇచ్చాడు. మిగతా సగానికి గడువు అడిగాడు. గుమాస్తాకు ఆ సొమ్ముకంటె, తనకు అడిగే హక్కు ఉన్నదని తెలియడమే ఎక్కువ ధైర్యమిచ్చింది. ఇప్పుడు రెండు విత్తనాల దుకాణాలకు పూటకొక చోట లెక్కలు చూస్తున్నాడు. జీతం మునుపటికంటె తక్కువే.

నాలుగు. బడిపంతుళ్ళ సంగతి. ఉపాధ్యాయుడు పారిశ్రామిక చట్టం చెప్పే కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు అన్నది. అంతమాత్రాన మేనేజిమెంటువారు చేతులు దులుపుకోవడానికి లేదు. 1982 నాటి విద్యాచట్టం ప్రకారం విచారణ లేకుండా ప్రైవేటు బడిలోని పంతులును తొలగించరాదు. గ్రాట్యుటీ కూడా ఉంది. పదిమంది పనిచేసే బడిలో అయిదేండ్లు చెప్పినవారికి అది హక్కు. 1997 ఏప్రిల్ 3నుండి వర్తించేటట్లు చేసిన సవరణను 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. లెక్క సులభం. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సంవత్సరాలతో హెచ్చించవలె. 13 వేల జీతంతో 20 యేండ్లు చెప్పిన పంతులమ్మకు లక్షా యాభై వేలు వస్తుంది. దానిని 30 రోజులలో చెల్లించవలె. ఒడ్డు చేరేదాకా ఓడమల్లయ్య, చేరిన తరువాత బోడిమల్లయ్య అన్నట్లు పబ్లిక్ పరీక్షలైపోగానే పెద్ద పంతుళ్ళను సాగనంపే బడులవారు ఈ హెచ్చవేత ఒకసారి చేసుకోవడం మంచిది.

ఇందులోనే చాలామంది పొరబడే సంగతి ఇంకొకటి ఉంది. ప్రావిడెంటు ఫండువారు 58 యేండ్లకు పింఛను ఇస్తారు. దానినిబట్టి 58కి పని మానిపించవలెనని కొందరు యజమానులు, మానవలెనని కొందరు పనివాళ్ళు అనుకుంటున్నారు. 58 అనేది పింఛను పుట్టే వయసు. పని చచ్చే వయసు కాదు. ఆ తరువాత కూడా పనిచేయవచ్చు, ఫండులో సొమ్ము జమకావచ్చు. పింఛను వాటా మాత్రం ఆగుతుంది.

వయసు పేరు చెబితే మా పల్లెలలో మరొక చిక్కు కూడా జ్ఞాపకం వస్తుంది. పుట్టినరోజు వ్రాసుకునే అలవాటు లేనికాలంలో, బడిలో చేర్చుకునే పంతులుగారే ఒక తేదీ ప్రసాదించేవారు. "కరువొచ్చిన యేడు పుట్టిండు సారూ" అని తల్లి చెబితే, ఆయన వ్రేళ్ళు మడిచి లెక్కించి ఏ జులై ఒకటో వ్రాసుకునేవారు. కలంపోటుతో పుట్టిన ఆ తేదీయే తరువాత నలభై యేండ్ల ఉద్యోగాన్ని నడిపిస్తుంది. 1984లో వచ్చిన నియమాలప్రకారం ప్రభుత్వోద్యోగి పుట్టినతేదీ ఒకసారి సర్వీసు రిజిష్టరుకెక్కితే ఇక మార్పించుకోవడానికి దాదాపు వీలుండదు. కాబట్టి తల్లిదండ్రులారా, జనన ధ్రువపత్రం తీసుకొని, బడిలో వ్రాసే తేదీని మీ కండ్లతో చూసుకోండి. ఒక్క అంకె తేడాతో ఒక యేడాది జీతం వస్తుంది లేదా పోతుంది.

యువకులు నామీద కోపగించుకోవద్దు. వయసు గోడ వారికీ అడ్డం వస్తూనే ఉంది. నోటిఫికేషను కోసం ఎదురుచూసి చూసి 34 దాటిపోయినవారు మా మూడు జిల్లాలలో కొల్లలు. 2022లో తెలంగాణ ప్రభుత్వం యూనిఫారం లేని కొలువులకు ఆ పరిమితిని 44 చేసింది. 2024లో రెండేండ్లపాటు 46 అన్నది. నలభై దాటి పుస్తకం పట్టుకున్న విద్యార్థులను చూస్తుంటే, పెద్దవాణ్ణి దించితే చిన్నవాడు ఎక్కుతాడనే లెక్క ఎంత వట్టిదో తెలుస్తుంది. గుమాస్తాను తీసివేసిన ఆ దుకాణంలో ఆ చోట ఏ కుర్రవాడూ కూర్చోలేదు. కంప్యూటరు కూర్చుంది. ఇరవై రెండేండ్ల అరువు ఖాతాలలో ఎవరు నమ్మదగినవారో, ఎవరు దసరాకుగాని కట్టరో దానికి చెప్పిపోయినవారు లేరు.

కనుక పని ఇచ్చేవారికి నా మనవి ఇంతే. మనిషిని చేర్చుకునేటప్పుడు వయసును అడిగేముందు పని వచ్చునా అని అడగండి. చేర్చుకున్ననాడే ఎప్పటిదాకా ఉండవచ్చునో వ్రాసి ఇవ్వండి. పంపవలసివస్తే ఆరునెలల ముందు చెప్పండి, లెక్క కట్టి చేతిలో పెట్టండి. పనివాళ్ళకు చెప్పేది ఇంకా చిన్నది. నియామకపు కాగితం, జీతపు చీటీలు, హాజరు నకళ్ళు ట్రంకుపెట్టెలో భద్రంగా దాచుకోండి. ఎన్నేండ్లు చేశానో నోటితో చెబితే నమ్మే న్యాయస్థానం లేదు. కాగితం చెబితే వింటుంది.